సూరిబాబు కంప్యూటర్లు తిరుగుతున్నాయి, పాట మాత్రం రావడం లేదు

నిన్న పొద్దున్న పూజలో ఉండగా ఫోన్ మోగింది. పూజ మధ్యలో నేను ఫోన్ తీయను. ఎందుకో తీశాను.

"వదినా, ఆయన లెగట్లేదు" అంది మా మరదలు నిర్మల.

నా తమ్ముడు సూరిబాబు. నిద్రలోనే హార్ట్ ఎటాక్ అన్నారు.

చేతిలో హారతి చేతిలోనే ఆరిపోయింది.

నెల్లిమర్ల నుంచి అరసవల్లిలో తమ్ముడి ఇంటికి వచ్చేదాకా బస్సులో స్వామిని తలుచుకుంటూనే ఉన్నాను. ఏం కోరుకోవాలో తెలియలేదు. అప్పటికే అంతా అయిపోయింది కదా.

మీలో చాలామందికి వాడు భజన పాటల వెబ్‌సైట్ సూరిబాబుగానే తెలుసు. కంప్యూటర్ మాస్టారు. మన ఊళ్లలో పెద్దవాళ్లు పాడే పాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి, మాటలన్నీ టైప్ చేసి అందులో పెట్టాడు. పాట మొదలు గుర్తు లేకపోయినా, మధ్యలో మాట ఒకటి కొడితే దొరికేది.

పాడినవాళ్లలో ఇప్పుడు ఎంతమంది లేరో మీకు తెలుసు.

అదంతా నడిచేది వాడి ముందు గదిలోనే. ఎవరో పారేస్తామన్న పాత కంప్యూటర్లు మూడు తెచ్చి కలిపాడు. క్లస్టర్ అనేవాడు. ఒకటి ఆగినా మిగతావి మోస్తాయట.

ఒక దసరాకి నేను వాటికి బొట్టు పెడుతుంటే పరిగెత్తుకొచ్చాడు. అక్కనైన నన్ను అప్పా అనే పిలిచేవాడు.

"అప్పా, నీకు దండమెడతాను, ఆ ఫేన్ జల్లెడ మీద ఎట్టకే! ఆటికి ఊపిరాడదు."

"దేవుడి పాటలు మోసీవాటికి బొట్టు లేకపోతే ఎలాగరా?"

"అయితే నాకెట్టు. ఈటన్నిటినీ మోసీది నేను కాదేటి?"

పెట్టాను. రోజంతా చెరపలేదు.

పోయిన వారం నేను ఇక్కడికి వచ్చినప్పుడు మాత్రం దిగులుగా ఉన్నాడు. ఏటైందిరా అని అడిగాను.

"పాటలు ఎతికీ సెర్చ్ సర్వర్ అంతా ఒక మూట కట్టి నెట్‌లోంచి వస్తాదప్పా. ఇమేజ్ అంటారు. మూట ఇప్పితే సాలు, పని నడుస్తాది. ఇప్పుడొచ్చిన కొత్త మూట మిక్సీ ఉన్నోళ్లకే. మన పాత కంప్యూటర్లు రోళ్లు. ఇవి గాని ఆగి మళ్లీ లెగిస్తే కొత్త మూటే తెచ్చుకుంటాయి. అప్పుడు ఒక్కటీ పన్జెయ్యదు."

"మరేటి సేస్తావు?"

"పాత మూటే తెచ్చుకోమని అందులో రాసీయాల. ఆదివారం కూకుంటాను."

వాడికి ఆదివారం రాలేదు.

నిన్న నేను గుమ్మం ఎక్కేసరికి ఆ గదిలో కంప్యూటర్ల చప్పుడు లేదు.

మా ఇళ్లలో శవం లేచేదాకా పొయ్యి వెలిగించరు, టీవీ పెట్టరు. మా పెదనాన్న అదే అన్నారట. "పీనుగున్న ఇంట్లో ఈ గుయ్యిమనే మోత ఏటర్రా, ఆపీండి." ఎవరో మెయిన్ కట్టేశారు.

పెదనాన్నను ఏమని అనగలం? పద్ధతి చెప్పారు. నేను బస్సులో ఉన్నాను.

సాయంత్రం స్నానాలయ్యాక నిర్మలే స్విచ్ వేసింది. ఫ్యాన్లు తిరిగాయి. లైట్లు వెలిగాయి. నా ఫోన్‌లో సైట్ తెరిస్తే తెల్ల పేజీ.

తమ్ముడితో పనిచేసే మాస్టారు ఒకాయన చూశారు. స్క్రీన్ మీద ఒకే ఇంగ్లీషు లైన్ మళ్లీ మళ్లీ వస్తోంది. ఈ ప్రాసెసర్ పాతది, సరిపోదు అని దాని అర్థమట.

"పాటలు ఎక్కడికీ పోలేదమ్మా, లోపలే ఉన్నాయి. పాత ఇమేజ్ పెట్టాలంటే ఆయన పాస్‌వర్డ్ కావాల. నాకు ఇది పూర్తిగా తెల్దు. సెయ్యి పెడితే ఉన్నవి కూడా పోతాయేమోనని బయం."

పాస్‌వర్డ్ నిర్మలకి కూడా తెలియదు.

రాత్రి నా పక్కన కూర్చుని అడిగింది. "ఆయన పాడింది కూడా అందులోనే ఉన్నాది కదా వదినా? ఒక్కసారి ఇనిపించవా?"

ఆ పాటలో నాకు గుర్తున్న మాట టైప్ చేశాను. తెల్ల పేజీ. ఇంకో మాట కొట్టాను. తెల్ల పేజీ.

నిర్మల ఫోన్ వైపే చూస్తూ ఉంది. ఆపడానికి నాకు చేయి రాలేదు.

పొద్దున్నుంచి మీరు కూడా "సైట్ ఓపెన్ అవట్లేదు అక్కా" అని మెసేజ్‌లు పెడుతున్నారు. అందరికీ ఇదే నా జవాబు. ఈ పని తెలిసినవాళ్లు మీ ఎరుకలో ఉంటే దయచేసి అరసవల్లి పంపండి. నాకు మొక్కడం తప్ప ఏమీ చేతకాదు. మొక్కుతూనే ఉన్నాను.

తమ్ముడూ, వెళ్లిరా అనడానికి నోరు రావడం లేదు. స్వామి నిన్ను ఏ దిగులూ లేని చోట ఉంచాలి.