కట్టకి పడమటి పండ్లు

మొన్న పొన్నూరు బస్టాండు దగ్గర ఒకామె గోనెపట్టా మీద తాటిపండ్లు పోసి అమ్ముతోంది. ఆ వాసన తగలగానే బస్సెక్కాల్సినదాన్ని ఆగిపోయాను. ఒక పండు చేతిలోకి తీసుకుని, "ఇది కట్టకి ఎటువైపు పడిందమ్మా?" అని అడిగేశాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "కొంటావా, కొనవా?" అంది. కొనకుండానే వచ్చేశాను. ఎందుకు కొనలేదో నాకే తెలియలేదు.

మా అత్తకి పందులుండేవి. పదో తరగతి పాసై కాపురానికొచ్చిన కొత్తలో నాకదో పెద్ద నామోషీ. మిరప చేల వెనక ఊరుమ్మడి తాటితోపు, దాని మధ్యగా ఒక మట్టికట్ట. శ్రావణంలో పండ్లు రాలడం మొదలైతే కట్టకి తూర్పున పడ్డవి మనుషులవి, పడమట పడ్డవి మా పందులవి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో ఎవరూ చెప్పలేరు. పడమటివైపు ఎంత మాగిన పండు పడినా ఊళ్లోవాళ్లు వంగి తీసేవారు కాదు. పందులు తుంగగడ్డలు పెళ్లగించి తినేస్తే తమ చేలకి తుంగ పాకదని రైతులకీ సంతోషమే. మరి పందులు తూర్పుకి పోవా అంటే, భేషుగ్గా పోయేవి! మా అత్త "ఒసే సిగ్గులేనిదానా!" అని ఒక్కోదాన్నీ తిట్టి మళ్లించేది. ఆ రెండు నెలల మేతతోనే అవి బలిసేవి. వాటి మీదే మా ఇంట్లో ఏడాది తిండిగింజలు.

కరణాల పద్ధతి తీసేసిన ఏడాది, కొత్త ఆఫీసరు ఒకాయన తోపు చూడ్డానికొచ్చాడు. మంచివాడే. "మీ పందుల హక్కు ఎక్కడ రాసుందమ్మా?" అన్నాడు. "రాయడమెందుకు బాబూ, కరణంగారినడుగు, చెబుతారు," అంది అత్త. "కరణాలు ఇప్పుడు లేరుగా," అన్నాడాయన. అత్త బిత్తరపోయింది. "ఇందాకే చూశానయ్యా, అరుగు మీద కూచోనున్నారు. లేరంటావేంటి?"

ఆయన నవ్వి, దరఖాస్తు పెట్టుకుంటే పర్మిషన్ ఇచ్చేస్తానన్నాడు. ఇంకేం, నా చదువుకి పని దొరికింది. "పందులను మేపుకొనుటకు అనుమతి ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను" అని గుండ్రంగా రాశాను. బడిలో సెలవుచీటీ తప్ప నేను రాసిన అర్జీ లేదు మరి. అత్త వేలిముద్ర వేస్తూ, "ఇదేస్తే తోపు మనకుంటుందిగా?" అంది. "ఉంటుందత్తా," అన్నాను. ఆయన దానిమీదే ఏదో రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసిచ్చాడు. అత్త దాన్ని బైబిల్లో పెట్టుకుంది. ఆ ఏడు పందులు దర్జాగా మేశాయి. ఊళ్లో నేనూ దర్జాగానే తిరిగాను.

మరుసటి శ్రావణానికి తోపు చుట్టూ ముళ్లకంచె వేశారు. పడమటివైపు సుబాబుల్ మొక్కలు పెడతారట. ఆ మంచాయన బదిలీ అయిపోయాడు. అత్త కాగితం పట్టుకెళ్తే కొత్తాయన చదివి, "ఇది ఒక్క ఏడాదికే ఇచ్చారు. హక్కే ఉంటే పర్మిషన్ ఎందుకడిగావు?" అన్నాడు. అత్త ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని, "మనదాన్ని మనం ఇమ్మని ఎందుకడిగామే?" అంది. తిట్టలేదు. నిజంగానే తెలియక అడిగింది. తిట్టినా బాగుండేది, నాకు ఏడుపొచ్చేసింది. లోపల పండు రాలిన చప్పుడైతే పందులు కంచెకి మూతులానించి నిలబడేవి. నెల తిరక్కముందే అన్నిటినీ అమ్మేసింది.

రాయకపోతే ఒక ఏడాది ముందే గెంటేసేవారేమో. లేక రాసి నేనే గెంటించానో. ఇప్పటికీ ఎటూ తేల్చుకోలేను. అత్త పోయింది, కట్ట చదునైపోయింది, సుబాబుల్ కూడా కొట్టేశారు. ఇన్నేళ్లలో అన్నీ పోయాయి గానీ, ఆ బైబిల్లో అత్త వేలిముద్ర పైన నా గుండ్రటి అక్షరాలు మాత్రం ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నాయి.