పరామర్శకు వెళ్ళే బాబాయి

మా ముత్తాత రాఘవయ్యగారు, తాత సీతారామయ్యగారు మైలవరం దగ్గర మా ఊరికి మునసబులు. ఊళ్ళో ఎవరు పోయినా మా ఇంటి మనిషే ముందు పరామర్శకు వెళ్ళాలి. పదవులు పోయాక మాకు మిగిలిన మర్యాద అదొక్కటే. దాన్ని మా బాబాయి నిలబెట్టారు.

ఆయన గుమ్మంలో ఆగి, అక్కడున్నవాళ్ళ ముఖాలు చూసి, తన ముఖం అలాగే మార్చుకునేవారు. చేయి పట్టుకుని "నేనున్నాగా" అంటే మనుషులు కరిగిపోయేవారు. తిరిగి కారెక్కగానే, "పెసరట్టు తిందామా?" అని నన్నడిగేవారు.

నాన్నగారు పోయినప్పుడు నా చేయీ అలాగే పట్టుకున్నారు. దహనం మా ఉమ్మడి మామిడితోటలోనే చేసి, చిన్న సమాధి కట్టించాం. కొన్నాళ్ళకే బాబాయి ఆ తోటకు బేరం తెచ్చారు. సమాధి ఉన్న మూలనైనా వదలమని అమ్మ ఏడ్చింది. ఆయన ఆమెను కాసేపు శ్రద్ధగా చూశారు.

"వదిన ఏడిస్తే ధర పెరగదు కదరా?" అన్నారు నాతో. అందులో వెటకారం లేదు. నిజంగానే అడిగారు.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక మానసిక వైద్యురాలిని కలిసి బాబాయి సంగతంతా చెప్పాను.

"మనిషిని చూడకుండా జబ్బు పేరు చెప్పనండీ. కొందరికి ఎదుటివాళ్ళ బాధ తెలుస్తుంది, కానీ తగలదు. పక్కవాడి నొప్పికి మన మెదడు స్పందించినంతగా వాళ్ళ మెదడు స్పందించదు," అన్నారావిడ.

"మారతారా?"

"మారాలని ఆయనకు అనిపించాలి కదండీ."

నాకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. బాబాయి మీద కోర్టుకెక్కి ఇంటి పరువు బజారున పెట్టలేక సంతకం చేశాను. తోట మొత్తం అమ్మేశాం, సమాధితో సహా.