కట్టె మిషనుకు ఇరవై నాలుగో వేలు

ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా మొదటి రోజే దానిలో తప్పులు వెతుకుతానని మా ఆయన నలుగురిలో చెప్తుంటాడు. అది అపవాదు. మొదటి రోజు నేను ఊరికే చూస్తానంతే. తప్పు తనంతట తానే ఎదురొచ్చి పలకరిస్తే నా నేరమా?

కట్టె తిరగేసే మిషను సంగతి కూడా అంతే. రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, వరసగా ఎండిన పంటల తర్వాత, ఒక ఏడు వానలు కుదురుగా పడ్డాయి. కర్నూలు జిల్లా అయిపోయి కడప జిల్లా మొదలయ్యే చోట మాది ఎర్ర నేల, బుడ్డల పైరు. బుడ్డలంటే వేరుశనగ. కాయ ఒలుచుకున్నాక మిగిలే తీగనూ ఆకునూ మేము కట్టె అంటాం. కాయ మనుషులది, కట్టె గొడ్లది. కాయ పోయిన ఏడు కూడా కట్టె చేతికొస్తే రైతు ముఖాన కాస్త రక్తం ఉంటుంది.

ఆ కట్టెను ఎండబెట్టడమే పెద్ద పని. పైన గలగలలాడుతుంటుంది, కింద చెయ్యి పెడితే చెమ్మ. పంగలకర్రతో రెండు మూడుసార్లు తిరగెయ్యాలి. తిరగేసే లోపల ఒక జల్లు పడిందా, నల్లగా బూజుపట్టి గొడ్డు మూతి తిప్పుకుంటుంది. ఆ ఏడు పంట బాగా వచ్చింది కాబట్టి పంగలకర్ర పట్టే మనుషులు దొరకలేదు. సరిగ్గా అప్పుడే మా ఆయన కడపకు ఏదో ఆఫీసులో పని మీద వెళ్ళి, ఊరి బయట ఎవరో మూసేసిన పాల డెయిరీలో ఈ మిషను చూసి, ఆఫీసు పని మరిచిపోయి దీన్ని ట్రాలీలో వేసుకుని వచ్చాడు.

ట్రాక్టరు వెనక తగిలించుకునే మిషను. రెండు పెద్ద చక్రాలు గొడుగుల్లా పడుకుని తిరుగుతాయి. ఒక్కో చక్రానికి ఆరు చేతులు, ఒక్కో చేతికి రెండు ఉక్కు వేళ్ళు. మొత్తం ఇరవై నాలుగు. తిరుగుతూ కట్టెను లేపి, విదిలించి, వెనక్కి పరుస్తాయి. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ అది పచ్చగడ్డి కోసం చేసింది. దాన్ని గీసిన మహానుభావుడు జన్మలో బుడ్డల చేను చూసి ఉండడు, రాళ్ళు అసలే చూసి ఉండడు.

మొదటి రోజే రాళ్ళు ఎగిరాయి. గుండ్రాయి ఒకటి నా పక్కనుంచి బుయ్యిమని పోయింది. రెండో రోజు వేగానికి ఆకంతా రాలి నేల పాలైంది. కట్టెలో రుచి ఉండేదే ఆకులో, పుల్ల తిని ఏ గొడ్డు పాలిస్తుంది? మూడో రోజు తీగ ఇరుసుకు జడలా అల్లుకుని, ట్రాక్టరు ఆపి కొడవలితో కోసి తియ్యాల్సి వచ్చింది.

మా ఆయన దగ్గర నేను ఎక్కువేం నోరు పారేసుకోలేదు. పారేసుకోవాల్సినంతే పారేసుకున్నాను. తర్వాత ఇద్దరం మిషనును డోన్ దారిలో ఉన్న వెల్డింగు షాపుకు తీసుకెళ్ళాం. షాపు పెద్ద సాయిబును మా ఆయన ‘మామా’ అంటాడు, నేనూ ‘మామా’ అనే అంటాను.

“మీ ఇద్దురికీ నేను మామనైతే మీ ఇద్దురూ ఏమైతారు?” అని ఆయన నవ్వేవాడు. “వాడు అల్లుడు, నువ్వు కూతురు. వరస తప్పొద్దమ్మా. ఏం కూతురా, ఈ పొద్దు ఏం తప్పు పట్టుకొస్తివి?”

“ఒకటి కాదు మామా. కూర్చో, చెప్తా.”

కడపలో మూడేళ్ళు డిగ్రీ చదివి నేను గట్టిగా నేర్చుకున్నది వాదించడమే. ఆ విద్య నాకు పెళ్ళిలో పనికి రాలేదు గానీ వెల్డింగు షాపులో బాగా పనికొచ్చింది. చక్రాలకు కింద దిమ్మలు వేయించి మిషనును రెండు అంగుళాలు పైకి లేపించాను. రాళ్ళు ఎగరడం ఆగింది. ఇరుసుకు పాత బోరు పైపు ముక్కను తొడుగులా వేయించాను. తీగ చుట్టుకోవడం ఆగింది. ఆకు రాలకుండా ఉండటానికి మామ దగ్గర మందు లేదు. అది నేనే చెప్పాను: ఎండెక్కాక కాదు, తెల్లారి మంచు ఆరకముందే, ట్రాక్టరు మెల్లగా నడుపుతూ తిరగేస్తే ఆకు మెత్తగా ఉండి నిలుస్తుంది. నిలిచింది కూడా. మా ఆయన నన్ను మెచ్చుకోలేదు గానీ ఆ మాట పక్క ఊళ్ళో తన మాటగా చెప్పాడని తర్వాత తెలిసింది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ప్రతి వేలికీ ఒక సన్నటి ఉక్కు తీగ కట్టి ఉంది. ఒక కొస చేతికి, ఇంకో కొస వేలి కింది సగానికి. కట్టె పోయి ఆ తీగల్లో చిక్కుకుని వేలాడుతోంది.

“ఇవి కోసెయ్యి మామా. అందానికి పెట్టినట్టుండాయి.”

మామ తీగను వేలితో మీటి చూశాడు. “చేసినోడు పిచ్చోడా కూతురా? యాదో ఒక పనికే పెట్టింటాడు.”

“ఆ పనేందో చెప్పు. ఉంచుదాం.”

ఆయనకు తెలీదు. మా ఆయన వైపు చూశాడు. మా ఆయన రోడ్డు మీద పోయే బస్సు వైపు చూశాడు. నేను గెలిచాను. ఇరవై నాలుగు తీగలూ కోయించి ఇంటికి తెచ్చి బట్టలారేసే దండేనికి అతుకు వేసుకున్నాను. ఏదీ వృథా పోనివ్వని మనిషిని.

తర్వాత వారం రోజులు మిషను పెళ్ళికూతురిలా నడిచింది.

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. బుడ్డలు ఒలవడానికి మొదటి రోజు వచ్చి చివరి రోజు దాకా మానని మనిషికి, కూలి కాకుండా, ఒక బండి కట్టె ఇవ్వాలి. అదీ కట్టెను కుప్పగా వామి వెయ్యకముందే ఇవ్వాలి, మొదటి బండి ఆమెదే. ఆ ఏడు అది దక్కింది మా వీధి చివర ఉండే ఒకామెకు. నాకంటే రెండు మూడేళ్ళు చిన్నది. భర్త లేడు. ఒక బర్రె ఉంది. అది నిండు సూడిమీద ఉంది, ఆ నెలలోనే ఈనాలి. ఆ పాల మీదే ఆమె ఏడాది నడవాలి. బండి కట్టె వాళ్ళ కొట్టం ముందు దించినప్పుడు, పడుచుపిల్ల నగ చూసుకున్నట్టు చూసుకుంది.

మరునాడు ఆయుధ పూజ. ట్రాక్టరును, మిషనును కడిగి, పసుపు పూసి, ప్రతి వేలి కొనకూ కుంకుమ బొట్టు పెట్టడం నా పని. పెట్టుకుంటూ పోయాను. ఇరవై మూడో బొట్టుతో పని అయిపోయింది.

మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై మూడే.

“ఒగ దానికి పెట్టేది మర్సిపోయింటావు,” అన్నాడు మా ఆయన టెంకాయ పట్టుకుని.

“బొట్టు కాదయ్యా తక్కువైంది. వేలే లేదు.”

వంగి చూశాడు. ఒక చక్రానికి లోపలి వైపు వేలు సగానికి విరిగి ఉంది. విరిగిన చోట ఉక్కు కొత్తగా మెరుస్తోంది. జానెడు ముక్క ఎక్కడో రాలిపోయింది. అప్పుడు నాకు ఆ తీగ పనేమిటో అర్థమైంది. వేలు విరిగినా కింద పడకుండా పట్టుకుని వేలాడదీయడం. అదీ దాని పని. దాన్ని కోయించి నేను లంగాలు ఆరేసుకుంటున్నాను.

ముక్క చేలో పడి ఉంటే ఫర్వాలేదు. కట్టెలో పడితే? గొడ్డు మనలాగా నమిలి తినదు, దొరికింది దొరికినట్టు మింగుతుంది. చిన్నప్పుడు మా పుట్టింట్లో ఒక ఎద్దు తట్టకు కట్టిన కమ్మీ ముక్క మింగి, మేత మానేసి, మా కళ్ళ ముందే నెల రోజులు కరిగి కరిగి పోయింది. దాని కళ్ళు నాకు ఇప్పటికీ గుర్తే. మా కట్టె ఇంకా చేలోనే ఉంది, తీరిగ్గా వెతుక్కోవచ్చు. ఆమె బండి మాత్రం నిన్న పొద్దున్నే పోయింది. బర్రె రెండు పూటలు తినేసి ఉంటుంది.

మోటారు సైకిలు మీద మామ షాపుకు పరుగెత్తాం. షాపంతా బంతిపూల దండలు. సుత్తికీ దండే, వెల్డింగు డబ్బాకూ దండే.

“ఈ పొద్దు సామాను ముట్టగూడదు కూతురా. నాకు ఇన్నేండ్లు అన్నం పెడతాండేది ఇదే గదా. పొద్దు మునగనీ.”

“నీ దగ్గర పెద్ద అయస్కాంతం ఉండాది. అదొక్కటి ఇయ్యి.”

“అదీ సామానే.”

“సామాను ఎట్లయితది? అది రాయి. దానికి దండ వేస్తివా?”

మామ మూలకు చూశాడు. వెయ్యలేదు. పాత సౌండు బాక్సులోంచి పీకిన ఆ నల్ల బిళ్ళ దుమ్ములో పడి ఉంది. “నీతో వాదించే బదులు ఇచ్చి పంపేదే మేలు,” అని చేతిలో పెట్టాడు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. నా మిషను తప్పు, అందులోనూ నా నోటి తప్పు, ఊళ్ళో ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. మా ఆయనను ఇంటి దగ్గరే ఉండమని, అయస్కాంతం కొంగు కింద పెట్టుకుని ఒక్కదాన్నే ఆమె కొట్టం దగ్గరికి వెళ్ళాను.

“ఏమ్మా, ఆ కట్టె బర్రెకు ఎయ్యొద్దు. చెమ్మగా ఉన్నట్టుండాది. బూజు పట్టింటుంది. వేరేది పంపిస్తాలే.”

ఆమె తొట్లో తవుడు కలుపుతోంది. చెయ్యి ఆగింది. ఒక గుప్పెడు కట్టె తీసి నా ముఖం ముందు నలిపింది. గలగలమంది.

“యాడుండాదక్కా బూజు? నిన్న లేంది రాత్రికి రాత్రి వచ్చెనా?”

“లోపల ఉంటుంది. నేను చూస్తా ఉండు.” కుప్ప చుట్టూ తిరుగుతూ, కొంగు చాటున అయస్కాంతం పట్టుకున్న చెయ్యి కట్టెలోకి దూర్చాను. చెప్పు మేకు ఒకటి టక్కున వచ్చి అంటుకుంది.

“అక్కా,” అంది ఆమె. గొంతు మారింది. “ఇచ్చిన బండి ఎనక్కి తీసకపోవాలంటే తీసకపో. పంట బాగొచ్చినా మీకు కట్టె సాలకపాయనేమో. బూజని, చెమ్మని నా బర్రె మింద సాకులు ఎందుకు? పదైదు దినాలు ఒంగిన నడుము ఒంగినట్టే ఒలిస్తి. ఒగ పూటన్నా మానితినా?”

నేను ఎవరి మాటకూ తలవంచిన మనిషిని కాదు. కానీ ఆ మాటకు నిలబడే చోటు లేకపోయింది. ఊళ్ళో మొదటి బండి వెనక్కి అడిగిన ఇల్లు లేదు. కొంగు కింద నుంచి అయస్కాంతం తీసి చూపించాను.

“బూజు లేదు, ఏమీ లేదు. మా మిషను వేలు విరిగి యాడనో పడిపోయింది. కట్టెలో ఉంటే నీ బర్రె మింగుతుందని వస్తి. విరిగినా పడకుండా దానికి తీగలుండె. నేనే కోయిస్తి. అందరూ వద్దన్నారు.”

అందరూ అనలేదు, మామ ఒక్కడే అన్నాడు. కానీ ఒప్పుకునేటప్పుడు కొంచెం నిండుగా ఒప్పుకోవాలి కదా.

ఆమె నన్ను, అయస్కాంతాన్ని, దానికి అంటుకున్న చెప్పు మేకును చూసింది. తర్వాత కొట్టం లోపలికి పోయి, “ఇదేనా?” అంది.

మట్టి గోడలో ఒక కొక్కెం దిగ్గొట్టి ఉంది. దానికి బర్రె పలుపుతాడు వేలాడుతోంది. జానెడు ఉక్కు, కొన కాస్త వంగి, కొక్కేనికే పుట్టినట్టుంది.

“యాడ దొరికింది?”

“నిన్న మాపటేల. మోపు ఇదిలిస్తాంటే చేతికి తగిలె. నేను ప్రతి మోపూ ఇదిలించి, చేత్తో తడిమి ఏస్తాక్కా. తిరగేసింది మిషనో మనిషో, నా బర్రెకు నేనే తడమాల.”

గోడకు ఆనుకుని కూర్చున్నాను. బర్రె నా వైపు తిరిగి, ఈ గొడవంతా తనది కానట్టు నెమరేసుకుంటోంది.

“దొరికినంక నాకు చెప్పాలి గదే!”

“చెప్తే?” ఆమె తవుడు చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది. “మీ మిషను ఇనుము రాలుస్తాందక్కా అంటే నువ్వు ఊరుకుంటావా? ‘మా మిషనుదే అని రాసుండాదా? నీ కొడవలిది గాదని ఏం గ్యారంటీ?’ అని నన్ను నిలబెట్టి కడుగుతావు. అంతసేపు నాకు యాడుండాది? కొక్కెం లేకుండె, కొట్టుకొంటి.”

అంటాను. అచ్చంగా ఆ మాటలే అంటాను.

పొద్దు మునిగాక మామ షాపు తెరిపించాం. ఇరవై నాలుగు వేళ్ళకూ సైకిలు బ్రేకు తీగలు కట్టించాం. కట్టె చిక్కుకోకుండా తీగను వేలి వెనక వైపుకు, గట్టిగా లాగి కట్టాడు మామ. అంత చిన్న మార్పు. మొదటే అది తోచి ఉంటే కోయాల్సిన పనే లేదు. విరిగిన దానికి బండి కమాను పట్టా కొట్టి కొత్త వేలు చేశాడు. చివరికి నేనే, “అనాలనుకున్నది అనెయ్యి మామా,” అన్నాను.

“ఏముంది కూతురా,” అన్నాడు చేతులు తుడుచుకుంటూ. “ఆ రాయికి వచ్చే ఏడు నుంచి దండ వెయ్యాల.”

అప్పటి నుంచి తిరగేసిన ప్రతిరోజూ, ఎవరూ చెప్పకపోయినా ఆమె మా కళ్ళం మీదుగా వచ్చి వేళ్ళు లెక్కపెట్టి పోయేది. నేను లెక్కపెట్టానన్నా నమ్మదు. మా ఆయనకు ఆమె రాక పండగ. “నీకు తప్పులు పట్టే మనిషి దొరికె గదా,” అనేవాడు.

పండగైన పదో రోజు బర్రె ఈనింది. దూడ పెయ్యదూడ. మరునాడు ఆమె గిన్నె నిండా జున్ను పట్టుకొచ్చి మా గడపలో పెట్టింది. మిరియాలు వేసి, బెల్లం దండిగా వేసి వండింది. నేను చెంచా తీసుకుని ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే, గడప దాటిన మనిషి వెనక్కి తిరిగి చూసింది.

“నిమ్మళంగా మింగక్కా. నేను తడిమే తెస్తి.”