వల ఆపమని ఎత్తిన చెయ్యి

మా ప్లీడరు గారు పోయారండీ. బందరు కోర్టులో ఆయన దగ్గర జూనియరుగా ఉన్న అమ్మాయి ఫోన్ చేసి, "తాతగారూ, సార్ నిద్రలోనే వెళ్లిపోయారు" అన్నప్పుడు నేను రేవులో వల బాగుచేసుకుంటున్నాను. ఆ వల అక్కడే వదిలేసి లేచాను. మా అబ్బాయి కేసులో వాదనలన్నీ అయిపోయి తీర్పొక్కటే మిగిలింది. ఆ ఒక్కదానికీ ఆయన ఉండకుండా పోయారు.

రేవులో చేపల వేలంపాట దగ్గర గొడవై ఒకాయన తల పగిలింది. మావాడే కొట్టాడని కేసు. ఆ వేళకి వాడూ నేనూ ఇద్దరమే పడవ మీద సముద్రంలో ఉన్నాం. ఆ సంగతి చెప్పడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు.

సాక్షి తన వంతు వచ్చేదాకా లోపలికి వెళ్లకూడదట. ప్రతి వాయిదాకీ వరండాలో కూర్చుని ఆయన గొంతు వినేవాణ్ణి. "అబ్జెక్షన్" అని గట్టిగా వినపడితే చాలు, అదేమిటో తెలియకపోయినా ప్రాణం లేచొచ్చేది.

ఒకసారి సంచిలో చందువ చేపలు పట్టుకెళ్లాను. "మావయ్యా, వీటిని లోపలికి తేకండి. జడ్జి గారు చూస్తే వీటికీ సాక్ష్యమని నంబరేస్తారు" అని నవ్వారు. అంత చదువుకుని నన్ను మావయ్యా అనేవారు. ఏం మనిషండీ!

బోనెక్కే ముందు భయపడి, "మీరు కాస్త మాట అందించండి బాబూ" అని బతిమాలాను.

"నా సాక్షికి నేను అందించకూడదు మావయ్యా. అందిస్తే అది నా మాటవుద్ది. చూసింది చెప్పండి, తెలియంది తెలియదనండి. సర్కారు ప్లీడరు అడగకూడనిది అడిగితే నేను అబ్జెక్షనంటాను. జడ్జి గారు తేల్చేదాకా నోరు విప్పకండి."

"కంగారులో ఆ మాట వినపడకపోతేనో?"

"పడవ మీద ఇంజను మోతలో ఏం చేస్తారు మీరు?"

"చెయ్యెత్తుతామండి. ఎత్తితే వల లాగడం ఆపెయ్యాలి."

"అయితే నేనూ ఎత్తుతా. వల ఆపండి."

అలాగే అయింది. సర్కారు ప్లీడరు, "మీవాడు కోపిష్టని ఊరంతా అనుకుంటారంటగా?" అన్నాడు. నాకు ఒళ్లు మండి నోరు తెరిచాను. మా ప్లీడరు గారు లేచి, "అబ్జెక్షన్ యువరానర్! ఊరు అనుకునేది సాక్ష్యం కాదు" అన్నారు. నల్లకోటు చేతిలోంచి అరచెయ్యి పైకి లేచింది. ఆగిపోయాను. జడ్జి గారు ఆ ప్రశ్న వద్దన్నారు.

బయటికొచ్చాక నా భుజం తట్టి, "బతికించారు. మీరు ఒక్క మాట అనుంటే కొడుక్కి కోపం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కోర్టుకి తెలిసిపోయేది!" అన్నారు.

మొన్న తీర్పొచ్చింది. మావాడు నిర్దోషి అన్నారు. నా కొడుకు నాకు దక్కాడండీ! ఇల్లంతా పండగలా ఉంది. నాకు మాత్రం ముద్ద దిగడం లేదు. ఇంత సంతోషాన్ని తీసుకెళ్లి ఎవరి కాళ్ల దగ్గర పెట్టను?

తీర్పు వినగానే "బతికించారు బాబూ" అంటూ ముందు వరసకేసి తిరిగాను. జూనియరు అమ్మాయి నిలబడే ఉంది. ఆయన కుర్చీలో తను కూర్చోలేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. బంట్రోతు "సైలెన్స్" అని అరుస్తున్నాడట, నాకు వినపడలేదు. ఆ కుర్చీకేసే చూస్తూ ఏడుస్తున్నాను, అక్కణ్ణుంచి చెయ్యి లేస్తే ఆపుదామని.