రెండోసారి పోయిన గేర్ బాక్సు

నా ఎడమకాలు చిన్నప్పుడే పోలియోతో సన్నబడింది. క్లచ్ తొక్కడం నావల్ల కాదు. అందుకే గేర్లు తనంతట తానే మార్చుకునే కారు కొనుక్కున్నాను. వనపర్తిలో ఇల్లు, బిజినేపల్లి దగ్గర ఒక ఊళ్లో బడి. అక్కడ లెక్కలు చెబుతాను. కుడికాలు ఒక్కటి చాలు ఆ కారుకు. ఎవరి తోడూ లేకుండా బడికి వెళ్లి రావడం అలవాటయ్యాక బస్సు ఎక్కడమే మరచిపోయాను.

ఒక వానాకాలంలో దాని గేర్ బాక్సు పోయింది. నాగర్‌కర్నూల్‌లోని ఒక షెడ్డులో పాత కారు నుంచి తీసిన వేరేది ఎక్కించారు. మూడు నెలలు తిరక్కుండానే, ఒక పొద్దున బడి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా కారు ఆగిపోయింది. ఇంజను అరుస్తుందే తప్ప బండి కదలదు. మళ్లీ అదే షెడ్డుకు లాగించాను. మెకానిక్ యాభై దాటిన మనిషి. కిందికి దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"గేర్ బాక్సే పోయింది మేడం. ఇంకోటి తెప్పిస్త. వారం దినాలల్ల ఎక్కిస్త."

"ఎందుకు పోయిందన్నా?"

"పాత మాల్ గదా. ఒక్కోటి గట్లనే అయితది."

"రెండూ గట్లనే అయినయా? కారణం తెల్వకుండ మూడోది ఎక్కియ్యనియ్య. దాంతోని కలిసే సామాన్లన్నీ విప్పి చూడు. నేను ఈడనే కూసుంట."

అతని మొహం మాడింది. నాకూ లోపల బెదురుగానే ఉంది. ఇంజన్ల సంగతి నాకేం తెలుసు? కానీ జవాబు తప్పిన లెక్కను, ఎక్కడ తప్పిందో చూడకుండా మళ్లీ చేయమని నేను ఏ పిల్లకూ చెప్పను. బడికి ఫోన్ చేసి సెలవు చెప్పి, స్టూలు మీద కూర్చున్నాను.

ముందు గేర్ బాక్సులోని ఆయిల్ దించాడు. ఎర్రగా, తేటగా ఉండాల్సింది పాలు కలిపిన రోజా షర్బత్‌లా వచ్చింది.

"నీళ్లు జొచ్చినయి. వాగుల తోలిండ్రా?"

"వాగు దిక్కే పోలే."

అప్పుడు ఒక సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే పదిహేను రోజులకోసారి నేనే పోస్తున్నాను. నేల మీద ఒక్క చుక్కయినా కారిన జాడ లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.

అతను రేడియేటర్ మూత తీసి లోపలికి చూశాడు. "మరి గా నీళ్లు ఎటు పోయినయి?" అని తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు. గేర్ బాక్సు ఆయిల్ చల్లబడటానికి రేడియేటర్ లోపలి గొట్టంలోంచి పోతుందట; ఆ గొట్టం కారితే నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయట. రేడియేటర్ విప్పి, ఆ గొట్టం ఒక కొన మూసి, రెండో కొనకు గాలి పైపు పెట్టి నీళ్ల తొట్టిలో ముంచాడు. ఇద్దరం వంగి చూశాం. బుడగ రాలేదు.

"జూసిన్రా, మంచిగనే ఉంది."

"బండి నడిచేటప్పుడు అది చల్లగ ఉంటదా అన్నా? వేడినీళ్లల్ల పెట్టు."

"గింత పట్టుదలేంది మేడం!"

"ఈ కారు లేకుంటె నేను బడికి పోవుడు కష్టమన్నా."

పక్కనున్న టీ కొట్టు నుంచి మరిగిన నీళ్లు తెచ్చి తొట్టి నింపాడు. రెండు నిమిషాలకు గొట్టం అతుకు దగ్గర ఆవగింజంత బుడగ లేచింది. దాని వెనక ఇంకొకటి. ఆ తర్వాత ఆగకుండా వచ్చాయి.

అతను గాలి ఆపేశాడు. "పోయినసారి గిది జూడలే. బాక్సు మార్చి పంపిన. తప్పు నాదే టీచరమ్మా."

నా కోపమంతా దిగిపోయింది. "నీళ్ల సంగతి నేను గూడ చెప్పలే గదన్నా" అన్నాను.

ఇక నేను అడగాల్సిన పని లేకపోయింది. ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మ చితికిపోయిందని, ఒక వైరు పిన్ను చిలుము పట్టిందని తనే పిలిచి చూపించాడు. ఆయిల్ పైపులన్నీ కడిగాడు. కొత్త రేడియేటర్ రావడానికి పన్నెండు రోజులు పట్టింది. అన్నాళ్లూ బస్సులోనే తిరిగాను. ఒక పొద్దున మెట్టు జారి మోకాలు చీరుకుపోయింది. కట్టు కట్టించుకుని రెండో పీరియడుకు అందుకున్నాను. పాత రేడియేటర్‌తోనే గేర్ బాక్సు ఎక్కించేయమందామా అని ఆ సాయంత్రం ఫోన్ చేతిలోకి తీసుకుని, పక్కన పెట్టేశాను.

మూడో గేర్ బాక్సు ఎక్కించి బండి ఇచ్చే రోజు మెకానిక్ నా పక్క సీట్లో కూర్చున్నాడు. కొల్లాపూర్ దారిలో చాలా దూరం తోలాను. ఒక్కచోటా బండి గుంజలేదు, ఆగలేదు. తిరిగొచ్చాక వేడి మీదే ఆయిల్ తీసి తెల్లగుడ్డకు అద్ది నాకిచ్చాడు. ఎండలో పట్టుకుని చూశాను. చుక్క నీటి జాడ లేదు.

మర్నాడు మొదటి గంట కొట్టకముందే బడి గేటు దాటాను. అది జరిగి రెండేళ్లు దాటింది. ఆ గేర్ బాక్సు ఇంకా నడుస్తూనే ఉంది.