కింది వరుసలో నా ఫోటో

మా పుట్టింట్లో అందరికీ నోరెక్కువ. మా అమ్మ కూరగాయలు తరుగుతూ కత్తిపీటతో కూడా మాట్లాడేది. నాకు పెళ్లి చేసి నాచారం పంపినప్పుడు మా వాళ్ల బెంగంతా ఒక్కటే. ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసుకుంటూ, అడిగితే తప్ప నోరు తెరవని మనిషితో ఈ పిల్ల ఎట్లా వేగుతుందా అని. ఆయనతో బాగానే వేగాను. మాటలు రాని కూతురు పుట్టాక మాత్రం ఇంత నోరు పెట్టుకుని ఏం చేయాలో నాకు తెలియలేదు.

పాపకు మూడేళ్లు నిండాక, ఏఎస్ రావు నగర్‌లో ఒక డాక్టరమ్మ ఆటిజం అని చెప్పింది. ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు నమ్మలేదు. "మాటలు లేటుగొస్తయి తియ్యి, మా తమ్మునికి గిట్లనే అయింది" అంది. కీసరగుట్టకు తీసుకెళ్లి మొక్కించింది. గుడిలో గంట మోగగానే పాప రెండు చెవులూ మూసుకుని మెట్ల మీదే కూలబడింది. పక్కనున్న ఎవరో ఆవిడ, "పిల్లకు గాలి సోకినట్టుంది, తాయత్తు కట్టించున్రి" అంది. గుట్ట మీద అంతమందిలో ఆమెతో పోట్లాడాను. నా పరువు పోయినా ఫరవాలేదనుకున్నాను గానీ అత్తగారి పరువు పోయిందట. ఇంటికొచ్చేదాకా ఆమె నాతో మాట్లాడలేదు.

తర్వాత పిలుపులు తగ్గాయి. చుట్టాలు మంచివాళ్లే. పాపను తేవద్దని ముఖం మీద అనలేక, "లౌడ్ స్పీకర్లుంటయి వదినా, పాపకు ఇబ్బంది అయితదేమో" అనేవాళ్లు. సరేలే అని నేనూ మానేశాను. ఆయన డ్యూటీకి వెళ్లాక ఇంట్లో నేనూ, పాపా, తిరిగే ఫ్యానూ. పాప ఫ్యాను కింద పడుకుని దాన్నే చూసేది. నేను పాపను చూస్తూ వాగేదాన్ని. పప్పు ఉడికిందనీ, నీళ్లు రాలేదనీ, పక్కింటోళ్ల కుక్కర్ ఇప్పటికి ఎన్ని కూతలు వేసిందో అనీ. ఒక్కసారి కూడా తల తిప్పేది కాదు. ఇంట్లో మనిషి ఉండి కూడా ఇంత ఒంటరిగా ఉండొచ్చని నేనెప్పుడూ అనుకోలేదు.

ఉప్పల్‌లో ఒక స్వీట్ల దుకాణం పై అంతస్తులో థెరపీ సెంటర్ ఉందని తెలిసి అక్కడ చేర్పించాం. అక్కడి మేడం నాకంటే చిన్నది. వచ్చిన కొత్తలోనే నన్ను పట్టేసింది.

"మీరు ఆమె అడగకముందే అన్నీ చేతికిస్తున్రు. ఇగ ఆమె ఎందుకు అడుగుతది?"

మాట రాని పిల్ల ఎట్లా అడుగుతుంది అన్నాను. అప్పుడు బొమ్మ కార్డులు చూపించింది. మంచినీళ్ల గ్లాసు, మరమరాల గిన్నె, ఫ్యాను, దుప్పటి, ఒక్కోదానికి ఒక్కో కార్డు. చెప్పులకుండే అంటుకునే పట్టీ వెనకాల పెట్టి, ఒక పెద్ద అట్టకు వాటిని అతికిస్తారు. పాపకు ఏది కావాలంటే ఆ కార్డు పీకి మన చేతిలో పెట్టాలి. పెట్టేదాకా మనం ఆగాలి. వినడానికి తేలికే. ఎండన పడి వచ్చిన పిల్ల నీళ్ల బిందె వైపు చూస్తుంటే గ్లాసు పట్టుకుని ఊరకే నిలబడటం ఏ తల్లికి చేతనవుతుంది? నాకు కాలేదు. గోడ వైపు తిరిగి నిలబడేదాన్ని.

చాలా రోజులకు, ఒక సాయంత్రం, వంటింట్లో ఉండగా వెనక చర్రుమని పట్టీ ఊడిన చప్పుడు వినబడింది. పాప వచ్చి మరమరాల కార్డు నా చేతిలో పెట్టింది. గిన్నె నిండి కింద పడుతున్నా ఇంకా పోస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత ఆ చప్పుడు కోసమే బతికాను. నీళ్లు అడిగింది. దుప్పటి అడిగింది. కరెంటు పోతే ఫ్యాను కార్డు తెచ్చి నా చేతిలో పెట్టి, కరెంటు నేనే దాచానన్నట్టు నిలబడింది. ఇక మనుషుల ఫోటోలు కూడా పెట్టమంది మేడం. కింది వరుసలో వాళ్ల నాన్న ఫోటో, పక్కన నాది అతికించాను. నాలుగు రోజులు తిరగకుండానే వాళ్ల నాన్న ఫోటో నా చేతికొచ్చింది. ఆయన షిఫ్టులో ఉన్నాడు. ఫోన్ చేసి, "నిన్ను అడుగుతుంది" అన్నాను. అటు నుంచి ఆ మనిషి నవ్వాడు. పెళ్లయ్యాక ఫోన్‌లో ఆయన నవ్వు వినడం అదే మొదలు. ఫోన్ పెట్టేసి, తోమిన గిన్నెలే మళ్లీ తోమాను.

ఆయన్ని రోజూ అడిగేది. అన్ని కార్డుల మూలలూ నలిగిపోయాయి. నా ఫోటో ఒక్కటే కొత్తగా, నున్నగా, కింది వరుసలో నవ్వుకుంటూ ఉండేది. నాకు అసూయ కలిగింది. ఆయన మీదా, మరమరాల మీదా, ఆఖరికి ఫ్యాను మీద కూడా. పగలంతా వెంట ఉండేది నేను, ముడ్డి కడిగేది నేను, తలుపుకు తల కొట్టుకుంటుంటే మధ్యలో అరచెయ్యి పెట్టేది నేను. నన్నెందుకు అడగదు? ఎప్పటికీ అడగదా? ఉండబట్టలేక మేడంనే అడిగాను.

"ఆమెను ఇడిసిపెట్టి మీరెప్పుడన్న బయటికి పోయిన్రా?" అంది.

గుర్తు చేసుకోబోయాను. ఏదీ గుర్తు రాలేదు.

"లేనోళ్లనే కదమ్మా అడిగేది. జరసేపు ఎవరికన్న అప్పజెప్పి పోయి రండి. కండ్లుగప్పి మాత్రం పోవద్దు. ఫోటో చూపించి, పోయొస్త అని చెప్పి పోండి."

"నీకు పిల్లలుంటే తెలుస్తుండె" అన్నాను. ఆ అమ్మాయి కార్డులు సర్దుకుంది. బయటికి వచ్చాక నా మీద నాకే రోత పుట్టింది. అయినా పాపను విడిచి వెళ్లలేదు.

చివరికి నన్ను బయటికి పంపింది పిప్పి పన్ను. దవడ వాచి, పీకించక తప్పలేదు. ఆయనకు పొద్దున షిఫ్టు. కింద వాటాలో ఉండే మా ఓనరు పెద్దమ్మ పైకి వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఫ్యాక్టరీలున్న చోట ఒకప్పుడు వాళ్ల పొలాలుండేవట. నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి.

"చెప్తే ఏడుస్తది. సూడకుంట ఎల్లిపో బిడ్డా" అంది.

మా వైపు తల్లులందరూ చేసేది అదే. చెప్పులు ముందే మెట్ల మీద పెట్టుకుని, బాత్రూంకి పోతున్నట్టు పోవడం. మేడం చెప్పింది గుర్తుండీ, నేనూ అట్లాగే దొంగలా దిగిపోయాను.

పన్ను పీకి నోట్లో దూది కుక్కి పంపారు. గట్టిగా కరిచి పెట్టుకోమన్నారు, మాట్లాడొద్దన్నారు. ఆటోలో దారంతా చెవిలో పాప ఏడుపే వినబడింది. మెట్లెక్కి వస్తే ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పాప కిటికీ ఊచలు పట్టుకుని వీధిలోకి చూస్తోంది. పెద్దమ్మ పిడికిలి బిగించుకుని కూర్చుంది.

"ఏడువలేదే నీ బిడ్డ. నువ్వు పోయినంక జరసేపటికి నీ ఫోటో తెచ్చి నాకిచ్చింది. ఆడుకునేటందుకు ఇచ్చిందనుకొని మళ్ల ఆడనే అతికించిన. మళ్ల పీక్కొచ్చింది. మస్తు ముద్దుగున్నది మీ అమ్మ అని చెప్పి, మళ్ల అతికించిన. ఆఖరికి నా చేతిల పెట్టి ఏళ్లన్ని ముడిసింది. ఇగో, ఇడిసిపెడితే ఊకుంటలేదు."

పెద్దమ్మకు కార్డుల సంగతి చెప్పనేలేదు. నా బిడ్డ అమ్మ కావాలని అడిగితే, అమ్మ ముద్దుగుందని చెప్పి పంపారు. అయినా అది మళ్లీ మళ్లీ అడిగింది.

పాప కిటికీ దగ్గర నుంచి వచ్చింది. నా ముఖం చూడలేదు. పెద్దమ్మ వేళ్లు ఒక్కొక్కటీ విప్పి, ఫోటో తీసుకుని, కింది వరుసలో దాని చోట అతికించి, అరచేత్తో ఒత్తింది. అడిగింది వచ్చేసింది కదా. వెళ్లి ఫ్యాను కింద పడుకుంది.

పుట్టి బుద్ధెరిగాక నాకు నిజంగా చెప్పుకోవలసిన మాట ఒకటి దొరికిందంటే అది ఆ రోజే. నోట్లో దూది. దవడ పట్టుకుని గడపలో కూర్చుని ఏడ్చాను.

"మస్తు నొస్తుందా బిడ్డా?" అంది పెద్దమ్మ. తలూపాను.

ఇప్పుడు సాయంత్రాలు పెద్దమ్మను ఇంట్లో కూర్చోబెట్టి, ఫోటో చూపించి, పోయొస్తా అని పాపకు చెప్పి బయలుదేరుతాను. ఎక్కడికీ పని లేదు. షేర్ ఆటోలో ఉప్పల్ దాకా వెళ్లి, రింగ్‌రోడ్డు మీద జనం నడిచే వంతెన, ఆ స్కైవాక్ ఎక్కి నిలబడతాను. మెట్రో దిగిన జనం నన్ను తప్పించుకుంటూ పోతుంటారు. మాట్లాడటానికి ఎవరూ ఉండరు. ఫోన్ చేతిలో పట్టుకుని చూస్తుంటాను. కొన్ని రోజులు మోగదు. అప్పుడు చీకటి పడుతుండగా నాకు నేనే ఇంటికి వచ్చేస్తాను. మోగిన రోజు పెద్దమ్మ గొంతు వినబడుతుంది, "ఫోటో ఇచ్చింది బిడ్డా, జల్ది రా" అని. పాప ఉన్న ఇంట్లో ఆ పిలుపు నాకు వినబడదు. దాని కోసం ఇంత దూరం వచ్చి, ఇంతమందిలో ఒక్కదాన్నీ నిలబడాలి.

నిన్న అట్ట తుడుస్తూ చూశాను. నా ఫోటోకు కూడా మూలలు నలిగాయి.