మనవరాలి ఊపిరి గొట్టాల బొమ్మ

కాఫీ పళ్లు కోసేటప్పుడు మా వైపు పిల్లలు పండు చప్పరించి గింజ ఉమ్మేస్తారు. నా దగ్గర ఉమ్మడం కుదరదు. గింజ అమ్ముడుపోయే సరుకు. దవడన పెట్టుకుని, తర్వాత నా కొంగులో వెయ్యాలి. మా అత్త నాకు అలాగే నేర్పింది, నేను మనవరాలికి నేర్పాను.

పోయిన కోతల్లో దానికి దగ్గు పట్టుకుంది. సిరప్ తాగించాను, మా ఊరి మంత్రగాడు గురవడి చేత మంత్రం వేయించాను. తగ్గకపోగా పిల్లికూతలు మొదలయ్యాయి. తల్లి ఒళ్లో పసిబిడ్డ ఉంది కనుక నేనే విశాఖపట్నం తీసుకెళ్లాను.

స్కానింగ్‌లో ఛాతీని పలచటి పొరలు పొరలుగా ఫోటోలు తీశారు. వాటినన్నిటినీ కంప్యూటర్ పేర్చి ఊపిరి గొట్టాల బొమ్మ కట్టింది. పీకి తలకిందులుగా వేలాడదీసిన కంది మొక్కలా ఉంది. డాక్టరమ్మ దాన్ని తిప్పి చూపించింది, లోపలికి కూడా తీసుకెళ్లింది, అరకు రైలు సొరంగంలో దూరినట్టు. కుడి పక్క సొరంగం ఒకచోట మూసుకుపోయింది. అది గడ్డో, కఫమో, బయటి వస్తువో బొమ్మ చెప్పలేదట. మా గుంట ఏమైనా మింగిందా అని అడిగింది.

"నేనుండగా ఏదీ మింగనివ్వను" అన్నాను.

మనవరాలు నా వంక చూసి తల దించుకుంది. డాక్టరమ్మ అది గమనించి నన్ను బయట కూర్చోమంది. తలుపు అద్దంలోంచి దాని పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినపడడం లేదు. ఇంట్లో నా అనుమతి లేకుండా పొయ్యి వెలగదు. అక్కడ బల్ల మీద కూర్చుని చూడడం తప్ప నేను చేయగలిగింది లేదు.

తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చి చెప్పింది. గట్టు మీంచి దూకినప్పుడు దవడనున్న గింజ గొంతులోకి జారిపోయిందట.

"మామ్మకి సెప్పకండి, గింజ పోగొట్టీసేనని కొడతాది" అందట గుంట.

మత్తు ఇచ్చి గొంతులోంచి గొట్టం పంపారు. గింజ నాని మెత్తబడిపోయింది, పట్టుకోగానే రెండు ముక్కలైంది. ఒకటి బయటికి వచ్చింది. రెండోది ఇంకా సన్నటి దారిలోకి జారింది. ఏ దారో తెలియాలంటే మళ్లీ స్కానింగ్ తీసి, మళ్లీ బొమ్మ కట్టాలన్నారు.

తెలివి రాగానే మనవరాలు నా చెయ్యి పట్టుకుంది.

"సగం దొరికింది కదా మామ్మా, తిట్టకే."

"మాటాడకు, దగ్గొస్తాది" అన్నాను.

దాని ఛాతీ మీద చెయ్యి వేశాను. ఎడమ పక్క లేస్తోంది. కుడి పక్క లేవబోయి ఆగిపోతోంది.